మా పేరున కోసిన పది శాతం ఎక్కడుంది?

రెండు తెలుగు రాష్ట్రాల్లోని చిన్న, మధ్య తరహా నిర్మాణ సంస్థల యజమానులకు, ఆ సంస్థల్లో అకౌంట్స్ చూసేవారికి,

నమస్కారం.

నేను స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. ఏ కంపెనీలోనూ ఉద్యోగం చేయడం లేదు. ఇంట్లో ఒక గది, ఒక కంప్యూటర్, ఏటా డబ్బు కట్టి రెన్యూవల్ చేయించుకునే డిజైన్ సాఫ్ట్‌వేర్, ఇదే నా ఆఫీసు. మీలాంటి బిల్డర్లకు ఫుటింగ్ దగ్గర్నుంచి టెర్రస్ స్లాబ్ దాకా డ్రాయింగులు, స్టీల్ షెడ్యూళ్లు తయారుచేసి ఇస్తాను. పదకొండేళ్లుగా ఇదే నా జీవనం. మీలో చాలామందితో నాకు మంచి పరిచయం ఉంది, కొందరి ఇళ్లలో శుభకార్యాలకు కూడా వచ్చాను. అందుకే ఈ మాట విడివిడిగా ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పకుండా అందరికీ కలిపి రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే మొహమాటం అడ్డొస్తుంది, మీరు నొచ్చుకుంటారేమోనని సగం మాట నేనే మింగేస్తాను.

విషయం టీడీఎస్ గురించి, అంటే డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా కోసి మా పేరున ప్రభుత్వానికి కట్టాల్సిన ఆదాయపు పన్ను గురించి. మీరు మా బిల్లులో కోసే పది శాతం గురించి.

2024 జులై చివరి రోజు రాత్రి జరిగింది ముందు చెబుతాను. రిటర్న్ వేయడానికి అదే ఆఖరి తేదీ. పోర్టల్ నెమ్మదిగా ఉంది. 26ఏఎస్ (నా పాన్ మీద ఎవరెంత పన్ను కట్టారో చూపే ఐటీ శాఖ పట్టిక) తెరిచి ఒక్కో కంపెనీ పేరు ఎదురుగా ఉన్న అంకెని నా డైరీలో రాసుకున్న అంకెతో సరిచూసుకుంటూ వస్తున్నాను. ఆ ఏడాది నాకు వచ్చిన ఫీజు మొత్తం 11,60,000 రూపాయలు. అందులో పది శాతం, అంటే 1,16,000, వేర్వేరు కంపెనీలు టీడీఎస్ కింద కట్ చేశాయి. 26ఏఎస్‌లో కనబడింది 80,000. మళ్లీ మొదట్నుంచి కూడి చూశాను. అదే 80,000. ఒక కంపెనీ దగ్గర ఆ ఏడాది నాలుగు బిల్లులు పెట్టాను, ఒక్కోటి 1,20,000. నాలుగింటిలోనూ 12,000 చొప్పున కోసుకుని మిగిలిన 1,08,000 నా ఖాతాలో వేశారు. జూన్‌లో కోసిన 12,000 మాత్రమే అక్కడ ఉంది. 2023 సెప్టెంబర్‌ది లేదు, డిసెంబర్‌ది లేదు, 2024 మార్చిది లేదు. 36,000 రూపాయలు నా చేతికీ రాలేదు, ప్రభుత్వానికీ చేరలేదు.

నేను క్లెయిమ్ మాత్రం మొత్తం 1,16,000కి వేశాను, ఎందుకంటే అంత మొత్తం నా బిల్లుల్లోంచి పోయిన మాట నిజం. బెంగళూరులోని ప్రాసెసింగ్ సెంటర్ నుంచి వచ్చిన ఇంటిమేషన్‌లో 80,000 మాత్రమే ఒప్పుకున్నారు. అక్కడ మనిషి కూర్చుని నా బిల్లులు చదవడు. 26ఏఎస్‌లో ఏముందో అదే లెక్క.

ఆ మర్నాడే కంపెనీకి ఫోన్ చేశాను. అకౌంట్స్ చూసే అమ్మాయి, మహా అయితే పాతికేళ్లుంటాయి, గొంతు బాగా తగ్గించి చెప్పింది. "మేడమ్, ప్రతి నెలా చలానా తయారుచేసి పెడుతున్నానండీ. పదిహేను రోజులకి అది ఎక్స్‌పైర్ అయిపోతుంది. మళ్లీ కొత్తది చేస్తున్నాను. సార్ ఓటీపీ చెప్పట్లేదు." ఆ పిల్లని ఒక్క మాట కూడా అనలేకపోయాను. తప్పు తనది కాదు, కానీ నా ఫోను, నాలాంటి మరో పదిమంది ఫోన్లు ఎత్తాల్సింది తనే. యజమాని గారితో మాట్లాడితే, "ఎక్కడికీ పోదమ్మా, వచ్చే నెల కట్టేస్తాం" అన్నారు. ఆ వచ్చే నెల 2025 మార్చిలో వచ్చింది. ఆ తర్వాత వాళ్లు రిటర్న్ వేయడం, అది 26ఏఎస్‌లో రిఫ్లెక్ట్ అవడం, నేను రెక్టిఫికేషన్ (లెక్క సరిచేయమనే దరఖాస్తు) పెట్టుకోవడం, చివరికి ఆ 36,000 నా ఖాతాలో పడేసరికి 2025 జులై అయింది.

ఈలోగా 2024 సెప్టెంబర్‌లో నా సాఫ్ట్‌వేర్ రెన్యూవల్ వచ్చింది. రిఫండ్ డబ్బుతో కడదామని అనుకున్నది అదే. అది ఆగిపోయింది. ఐదంతస్తుల భవనం డిజైన్ ఒకటి చేతిదాకా వచ్చి, లైసెన్స్ లేక వేరే ఇంజినీర్‌కి పంపేశాను. మీ పుస్తకాల్లో అది 36,000 బకాయి. నాకు అది ఒక పని, ఆ పని ద్వారా రావాల్సిన మరో రెండు పనులు.

మీలో చాలామంది మనసులో ఒక మాట ఉంటుంది, అది నాకు తెలుసు. 'టీడీఎస్ అంటే గవర్నమెంట్‌కి పోయే డబ్బే కదా, ఈమెకి ఎలాగూ రాదు, నెల ఆలస్యమైతే ఈమెకేం నష్టం' అని. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఆ ఆలోచనే. ఇది లెక్క వేసి చూపిస్తాను, దయచేసి ఓపిగ్గా చదవండి.

నాలాంటి ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, ఇంటీరియర్ డిజైనర్లు 44ఏడీఏ అనే సెక్షన్ కింద రిటర్న్ వేసుకోవచ్చు. వచ్చిన ఫీజులో సగాన్ని ఆదాయంగా చూపిస్తే చాలు, మిగతా సగం ఖర్చుల కింద పోతుంది. 11,60,000లో సగం 5,80,000. కొత్త పన్ను విధానంలో 2023-24 ఆర్థిక సంవత్సరానికి 7 లక్షల వరకు ఆదాయానికి రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి నేను కట్టాల్సిన పన్ను సున్నా. అంటే మీరంతా కలిసి కోసిన 1,16,000లో ప్రభుత్వానికి చెందింది ఒక్క రూపాయి కూడా లేదు. మొత్తం నాకు తిరిగి రావాల్సిందే. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు 12 లక్షలకు పెరిగింది. అంటే ఏడాదికి 24 లక్షల ఫీజు సంపాదించే ఇంజినీర్‌కి కూడా, వేరే ఆదాయం ఏదీ లేకపోతే, పన్ను సున్నాయే. ఆ ఇంజినీర్ దగ్గర మీరు కోసే 2,40,000 మొత్తం ఆయన సొమ్మే. ప్రభుత్వం దాన్ని కొన్ని నెలలు తన దగ్గర ఉంచుకుని తిరిగి ఇస్తుంది. మీరు కట్టకపోతే ప్రభుత్వం దగ్గర ఆయన పేరున ఏమీ ఉండదు, తిరిగి ఇవ్వడానికి.

కాబట్టి మీరు ఆపుతున్నది ప్రభుత్వం డబ్బు కాదు. పని చేసినవాళ్ల కూలి డబ్బు.

చట్టం దీన్ని ఎంత గట్టిగా చూస్తుందో మీ ఆడిటర్ గారికి తెలుసు, కానీ సైట్ పనుల హడావుడిలో మీదాకా వచ్చి ఉండదేమో. ఒక నెలలో కోసింది వచ్చే నెల 7వ తేదీలోగా కట్టాలి. మార్చిలో కోసింది ఏప్రిల్ 30లోగా. మూడు నెలలకోసారి ఎవరి పాన్ మీద ఎంత కోశారో వివరాలతో 26క్యూ రిటర్న్ వేయాలి: జులై 31, అక్టోబర్ 31, జనవరి 31, మే 31. అది అయిన పదిహేను రోజుల్లో మాకు ఫారం 16ఏ, అంటే కోసిన పన్నుకి ధ్రువపత్రం, ఇవ్వాలి. కోసి కట్టకపోతే నెలకి ఒకటిన్నర శాతం వడ్డీ. నెల అంటే క్యాలెండర్ నెల, అందులో ఒక్క రోజు దాటినా పూర్తి నెలే. నెలాఖరున కోసిన డబ్బుని 7కి బదులు 8న కడితే రెండు నెలల వడ్డీ, మూడు శాతం, పడుతుంది. రిటర్న్ ఆలస్యమైతే రోజుకి 200 చొప్పున లేట్ ఫీజు, ఆ రిటర్న్‌లో ఉన్న టీడీఎస్ మొత్తం ఎంతో అంతవరకూ పెరుగుతూ పోతుంది. అంటే పూర్తిగా వదిలేస్తే కోసిందానికి రెట్టింపు మీ జేబులోంచి పోతుంది, వడ్డీ వేరే. మీ కంపెనీ ఆదాయపు పన్ను లెక్కలో మా ఫీజులో 30 శాతాన్ని ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోరు కూడా. 1961 నాటి చట్టంలో 276బి సెక్షన్ కింద మూడు నెలల నుంచి ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడే వీలుండేది. బెదిరించడానికి కాదు ఇది చెబుతున్నది. పక్కవాడి సొమ్ము చేతిలో ఉంచుకోవడాన్ని చట్టం ఏ దృష్టితో చూస్తుందో తెలియడానికి.

నా 36,000 విషయమే తీసుకోండి. ఆ మూడు కోతల మీద 2025 మార్చి దాకా పడిన వడ్డీ 8,640 రూపాయలు. లేట్ ఫీజు దాని మీద. అదంతా కంపెనీ కట్టింది, అంతా ప్రభుత్వానికే పోయింది. పని చేసి, డబ్బు పోగొట్టుకుని, ఏడాదికి పైగా ఎదురుచూసిన నాకు అందులో ఒక్క రూపాయి రాదు. ఆ యజమాని గారు నష్టపోయారు, నేనూ నష్టపోయాను. ఎవరికి లాభం వచ్చిందో ఎంత ఆలోచించినా నాకు తట్టలేదు.

మీ ఇబ్బంది నాకు తెలియదని అనుకోవద్దు. ఫ్లాట్లు కొన్నవాళ్ల వాయిదాలు బ్యాంకు నుంచి ఆలస్యంగా వస్తాయి. స్టీల్ వాడు లోడ్ దింపేముందే డబ్బు అడుగుతాడు. శనివారం సాయంత్రం కూలీలకి పేమెంట్ ఆపితే సోమవారం సైట్‌కి ఎవరూ రారు. ఆ ఒత్తిడిలో ఖాతాలో టీడీఎస్ కింద పక్కన ఉన్న డబ్బు కనిపిస్తే చెయ్యి అటే వెళుతుంది. కానీ ఒక్కసారి లెక్క చూడండి. నెలకి ఒకటిన్నర అంటే ఏడాదికి పద్దెనిమిది శాతం. చాలామందికి బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టే అంతకన్నా చవకగా దొరుకుతుంది. మా డబ్బుని అప్పుగా వాడుకోవడం మీకే గిట్టుబాటు కాదు.

ఇది చదివి మీ ఆడిటర్ గారు ఒక ప్రశ్న వేయవచ్చు: 'కంపెనీ కట్టకపోయినా టీడీఎస్ కోసినట్టు రుజువుంటే ఆ పన్ను మళ్లీ కట్టమని మిమ్మల్ని అడగరు కదా' అని. నిజమే. 1961 నాటి చట్టంలో 205వ సెక్షన్ ఉంది. ఒకసారి మూలంలో పన్ను కోసేశాక, కోసినంత మేరకు ఆ పన్ను మళ్లీ కట్టమని డబ్బు అందుకున్నవాళ్లను అడగకూడదు. ప్రత్యక్ష పన్నుల బోర్డు కూడా 2015 జూన్‌లో ఒకసారి, 2016 మార్చిలో ఇంకోసారి ఇదే మాట అధికారులకు రాసింది. మూతపడిన ఒక విమానయాన సంస్థ పైలట్ తన జీతంలో కోసి కట్టని టీడీఎస్ కోసం గుజరాత్ హైకోర్టుకి వెళ్లి 2021లో గెలిచారు కూడా. కానీ హైకోర్టుకి వెళ్లగలిగినవాళ్లు మాలో ఎంతమంది? పైగా రుజువు అంటే ఏమిటి? ఫారం 16ఏ. అది మీరు డబ్బు కట్టి, రిటర్న్ వేశాకే పుడుతుంది. డబ్బు కట్టని కంపెనీ నుంచి ఆ కాగితం రాదు. మా దగ్గర మిగిలేవి మేం పెట్టిన బిల్లు, తక్కువ పడిన బ్యాంకు స్టేట్‌మెంట్. మీరు పేమెంట్ వేసిన రోజున 'ఇంత బిల్లు, ఇంత టీడీఎస్, ఇంత చెల్లించాం' అని ఒక మెయిల్ పంపితే, రేపు ఏదైనా జరిగినా మాకు అది ఆధారంగా ఉంటుంది. ఒక మెయిల్‌కి ఖర్చేమీ లేదు.

ఇక రేట్ల గందరగోళం. ఒకే రకం డ్రాయింగ్‌కి ఒక కంపెనీ పది శాతం కోస్తుంది, ఇంకో కంపెనీ టెక్నికల్ సర్వీస్ అని రెండు శాతం, మరొకరు కాంట్రాక్టు అని ఒక శాతం. ఇంజినీరింగ్ అనేది చట్టంలో వృత్తిగా పేరు పెట్టి రాసిన పని. దానికి 194జె సెక్షన్ కింద పది శాతమే, అదీ ఏడాది ఫీజు 50,000 దాటితేనే. 2025 ఏప్రిల్‌కి ముందు ఆ హద్దు 30,000. మేస్త్రీలకి, సెంట్రింగ్ వాళ్లకి, పెయింటింగ్ కాంట్రాక్టర్లకి 194సి సెక్షన్: మనిషి పేరున పని చేస్తే ఒక శాతం, సంస్థ అయితే రెండు. ఒక బిల్లు 30,000 దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా అది వర్తిస్తుంది. ఏది తక్కువైతే అది కోయమని నేను అడగడం లేదు. ఏది సరైనదో అది కోయండి, కోసింది కట్టండి.

ఇంకో చిన్న సంగతి. జీఎస్టీ వేసిన బిల్లులో జీఎస్టీ విడిగా చూపిస్తే దాని మీద టీడీఎస్ కోయకూడదని బోర్డు 2017 జులై 19న సర్క్యులర్ ఇచ్చింది. ఇప్పటికీ కొన్ని కంపెనీలు మొత్తం మీద కోసేస్తున్నాయి. అలాగే ఏడాదికి 20 లక్షలలోపు ఫీజు ఉన్న మాలాంటివారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. జీఎస్టీ నంబర్ లేదని బిల్లు పక్కన పెట్టొద్దు.

మేస్త్రీల పేరు ఎత్తాను కాబట్టి ఒకాయన గురించి చెప్పాలి. నా డ్రాయింగులతో చాలా సైట్లలో పనిచేసిన సెంట్రింగ్ మేస్త్రీ. ఇరవై మందిని పెట్టుకుని పని చేయిస్తాడు. ఒకసారి ఆయన బ్యాంకులో లోన్ కోసం వెళితే ఐటీ రిటర్న్ అడిగారు. నా దగ్గరికి కాగితాలు పట్టుకొచ్చాడు. ఒక కంపెనీ ఆయన బిల్లుల్లో ఏడాదికి 14,000 కోసింది, కట్టింది కూడా. కానీ 26ఏఎస్‌లో లేదు. తీరా చూస్తే ఆయన పాన్ నంబర్‌లో ఏడుకి బదులు ఒకటి కొట్టారు. ఆ నంబర్ కూడా ఎవరిదో ఉన్న నంబరే కావడంతో సిస్టమ్ ఒప్పేసుకుంది. మేస్త్రీ కూలీల దగ్గర ఒక్క రూపాయి తేడా రాకుండా లెక్క చూసుకునే మనిషి, తన 14,000 ఎవరో తెలియని మనిషి పేరున చేరిందని తెలిసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "నా పేరు పక్కన నంబర్ ఒక్కసారి చూసుకుంటే అయిపోయేది కదమ్మా" అన్నాడు చివరికి. కంపెనీ కరెక్షన్ రిటర్న్ వేసింది, సరైంది. కానీ అప్పటికి లోన్ టైమ్ దాటిపోయింది. పాన్ కార్డు ఫోటోని వాట్సాప్‌లో తీసుకుని కంటితో చూసి టైప్ చేయడం వల్లే ఈ తప్పులు ఎక్కువ. ఒకసారి టైప్ చేశాక, వచ్చిన పేరు ఆ మనిషిదేనా అని పోర్టల్‌లో సరిచూడండి. పాన్ ఇవ్వలేదంటే 20 శాతం కోయాలి, అది మేస్త్రీలకి ముందే చెప్పండి. వాళ్లకి చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టే సంగతి. మీ ఆఫీసుల్లో 'కన్సల్టెంట్' అని పేరు పెట్టి కూర్చోబెట్టిన పిల్లల గురించి.

ఒక బిల్డర్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసే అబ్బాయి నా డ్రాయింగులకి రివిజన్లు చేస్తూ పరిచయమయ్యాడు. ఉదయం తొమ్మిదిన్నరకి వేలిముద్ర వేసి లోపలికి వెళతాడు, సాయంత్రం ఆరున్నరకి మళ్లీ వేసి బయటికి వస్తాడు. సెలవు కావాలంటే అడగాలి. కంప్యూటర్ కంపెనీది, కుర్చీ కంపెనీది, ఏ పని ఎప్పుడు చేయాలో చెప్పేది కంపెనీ. కానీ నెలకి 25,000 'ప్రొఫెషనల్ ఫీజు' అని రాసి, 2,500 టీడీఎస్ కోసి, 22,500 చేతిలో పెడతారు. పీఎఫ్ లేదు. "పన్ను కడుతున్నా కదా మేడమ్, పెద్దవాడినైపోయా" అని సంతోషంగా చెప్పాడు ఒకరోజు. ఏడాదికి మూడు లక్షల ఆదాయం మీద పన్నే లేదని వాడికి ఎవరూ చెప్పలేదు. రిటర్న్ వేస్తే ఆ 30,000 తిరిగి వస్తుందనీ చెప్పలేదు. అప్పటికి మూడేళ్లు అయింది. నేను దగ్గర కూర్చుని ఆఖరి ఏడాదికి రిటర్న్ వేయించాను, 30,000 వచ్చింది. అంతకుముందు రెండేళ్లవి గడువు దాటిపోయాయి. ఆలస్యంగా వేసే రిటర్న్‌కి కూడా డిసెంబర్ 31 హద్దు. ఆ తర్వాత వేసే అప్‌డేటెడ్ రిటర్న్‌లో రిఫండ్ అడగడానికి వీల్లేదు. ఆలస్యాన్ని మన్నించమని శాఖకు విడిగా దరఖాస్తు పెట్టుకునే దారి ఒకటుంది, అది పెట్టించాను, ఇంకా తేలలేదు. వాడి రెండున్నర నెలల సంపాదన అక్కడ ఇరుక్కుని ఉంది.

ఈ అబ్బాయిని కన్సల్టెంట్ అనడం సరికాదు. నేను కన్సల్టెంట్‌ని. నా పని వేళలు నావి, నా సాఫ్ట్‌వేర్ నాది, ఒకేసారి నలుగురికి పని చేస్తాను, నచ్చకపోతే కాదంటాను, డిజైన్‌లో తప్పు వస్తే బాధ్యత నాది. ఆ అబ్బాయికి ఇందులో ఏదీ లేదు. వాడు మీ ఉద్యోగి. కాగితం మీద ఏ పేరు రాసినా పని తీరే అసలు సంగతి చెబుతుంది, తనిఖీకి వచ్చే అధికారులు చూసేది కూడా దాన్నే. జీతంగా ఇస్తే ఆ ఆదాయానికి టీడీఎస్సే పడదు, ప్రతి నెలా ఆ 2,500 కోత తప్పుతుంది. ఇరవై మంది, అంతకుమించి ఉన్న సంస్థ అయితే పీఎఫ్ చట్టమూ వర్తిస్తుంది. పీఎఫ్ వాటా మిగులుతుందని వాడిని కన్సల్టెంట్‌గా రాయకండి. వాడి దగ్గర మీరు మిగుల్చుకుంటున్నది చాలా చిన్న మొత్తం, వాడు పోగొట్టుకుంటున్నది చాలా పెద్దది.

బిల్లు ఆలస్యాల గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే దానికి మీకు కారణాలు ఉంటాయి. ఒక్కటే గుర్తు చేస్తాను. చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకున్న చిన్న సేవాసంస్థలకి, నాకూ ఆ నమోదు ఉంది, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజులకి మించి బిల్లు ఆపకూడదు. ఆపితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, ఆ గడువు దాటినా ఇవ్వని మా బిల్లులు మీ పన్ను లెక్కలో ఇచ్చిన ఏడాదికే ఖర్చుగా ఒప్పుకుంటారు. నేను ఇంతవరకు ఎవరినీ వడ్డీ అడగలేదు. అడగాలని కూడా లేదు.

మంచిగా చేసేవాళ్లు లేరా అంటే ఉన్నారు. నేను పనిచేసే కంపెనీల్లో ఒకదాంట్లో అరవై దాటిన అకౌంటెంట్ గారు ఉన్నారు. పెద్ద కంపెనీ ఏమీ కాదు, ఏడాదికి రెండు మూడు బిల్డింగులు కడతారు. ప్రతి నెలా 8వ తేదీ ఉదయం ఆయన నుంచి వాట్సాప్ వస్తుంది: చలానా నంబర్, తేదీ, నా పేరు ఎదురుగా అంకె. కింద ఒక లైను, "అమ్మా, కట్టేశాను, చూసుకోండి." మార్చి నెల బిల్లయితే ఇంకో లైను ఉంటుంది. "ఇది ఈ సంవత్సరం లెక్కలోకి ఎక్కించాం, మీరూ ఇందులోనే చూపించుకోండి." డబ్బు మేలో ఇచ్చినా, పుస్తకాల్లో మార్చిలో ఎక్కిస్తే టీడీఎస్ మార్చిలోనే కోయాలి. ఆ సంగతి మాకు చెప్పకపోతే మేం తర్వాతి ఏడాదిలో చూపిస్తాం, రెండూ కలవవు, నోటీసు వస్తుంది. ఆ ఒక్క లైనుతో నాకు అంత టెన్షన్ తప్పిస్తున్నారాయన. మీకెందుకండీ ఇంత శ్రమ అని ఒకసారి అడిగితే, "ఒకరి డబ్బు నా చేతిలో ఉంటే నాకు నిద్రపట్టదమ్మా" అన్నారు.

నేను మీ అందరినీ అడిగేది ఆయన చేస్తున్నదే. టీడీఎస్ కోసిన రోజే దాన్ని మీ వాడకం ఖాతాలోంచి తీసి వేరే ఖాతాలో వేయండి, అప్పుడు స్టీల్ వాడు వచ్చినా అది కనిపించదు. 7వ తేదీలోగా కట్టండి. ఓటీపీ మీ ఫోన్‌కే వస్తుంటే, అకౌంట్స్ చూసే మనిషిని ఆ ఓటీపీ కోసం వారాల తరబడి మీ గది బయట నిలబెట్టకండి. కట్టలేని పరిస్థితి నిజంగా వస్తే ఆ మాట మాకు ముందే చెప్పండి. మా రిటర్న్ ఎప్పుడు వేసుకోవాలో, రిఫండ్ మీద ఏ ఆశ పెట్టుకోకూడదో మేం చూసుకుంటాం. దాచి పెట్టి జులై చివరి రాత్రి మమ్మల్ని కనుక్కోనివ్వకండి.

2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. 194సి, 194జె అని మన నోళ్లలో నానిన నంబర్లు పోయి, జీతాలు కాని చెల్లింపుల మీద టీడీఎస్ అంతా 393 అనే ఒకే సెక్షన్ కిందికి వచ్చింది. మనం ఇన్నాళ్లూ వాడిన పేర్లే కాబట్టి ఈ ఉత్తరంలో పాతవే రాశాను. కొత్త నంబర్లకి తగ్గట్టు సాఫ్ట్‌వేర్ మార్చుకుంటున్నప్పుడే, మీ కాంట్రాక్టర్ల పాన్‌లన్నీ ఒకసారి సరిచూసుకోండి. పాత ఏళ్లవి ఎవరివైనా కోసి కట్టనివి ఉంటే అవి కూడా బయటికి తీయండి. వాళ్లలో కొందరు మిమ్మల్ని అడగడానికి భయపడుతున్నారు, అడిగితే వచ్చే పని పోతుందేమోనని. నేనూ ఆ భయంతోనే ఆ 36,000 గురించి మొదటి రెండు నెలలు గట్టిగా అడగలేదు.

ఆ కంపెనీకి నేను ఇప్పటికీ పని చేస్తున్నాను. పోయిన నెల ఒక సెల్లార్ రిటైనింగ్ వాల్ డిజైన్ ఇచ్చాను. బిల్లు వచ్చింది, పది శాతం కోశారు. ఈ నెల 8న చలానా నంబర్ పంపమని ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టాను. "తప్పకుండా మేడమ్, ఈసారి సార్‌ని ముందే అడిగి పెట్టుకుంటా" అని జవాబిచ్చింది.

ఇట్లు,
మీ భవనాలకి డ్రాయింగులు వేసే ఒక ఇంజినీర్